మధుమేహంలో రెటీనా రక్తనాళాలు: చూపు తగ్గకముందే జరిగే మార్పులు

సభకు నమస్కారం. మధుమేహం కంటిలోని రక్తనాళాలను ఎలా మారుస్తుంది, ఆ మార్పు చూపును ఎప్పుడు, ఏ దారిన దెబ్బతీస్తుంది అన్నది ఈ రోజు ప్రసంగ విషయం. రెటీనా, అంటే కంటి లోపల వెలుతురును పట్టే పొర; దాని వైద్యుల దగ్గరకు వచ్చేవారిలో చాలామంది మొదట అనే మాట ఒకటుంది: "నాకు చూపు బాగానే ఉందండీ, మా షుగరు డాక్టరుగారు ఒకసారి చూపించుకోమంటే వచ్చాను." ఇందులో రెండో సగం ఎంత మంచిదో మొదటి సగం అంత ప్రమాదకరమైనది. రెటీనాలోని రక్తనాళాలు ఏళ్ల తరబడి పాడవుతున్నా చూపు చెక్కుచెదరకుండా ఉండవచ్చు. చూపు మసకబారిందని రోగి గమనించే నాటికి వ్యాధి చాలా దూరం వచ్చేసి ఉండవచ్చు. అందుచేత కంటి పరీక్షకు వేళ ఎప్పుడన్నది రక్తనాళాలను చూసి నిర్ణయించవలసిన సంగతి గాని, చూపును అడిగి తెలుసుకోవలసినది కాదు. ఎందుకో వివరంగా చెప్పడానికే నేను మీ ముందుకు వచ్చాను.

శరీరం లోపలి ధమనులను, సిరలను కోతా రంధ్రమూ అవసరం లేకుండా, ప్రాణంతో ఉన్న మనిషిలో నేరుగా చూడగలిగే చోటు రెటీనా. కంటిపాప గుండా లోపలికి పోయిన వెలుతురులో కొంత భాగం అదే దారిన వెనక్కు వస్తుంది. ఆ వెనక్కు వచ్చే వెలుతురును పరీక్షించేవారి కంటికి అందించగలిగితే కంటి అడుగుభాగమంతా కనిపిస్తుంది. జర్మన్ శాస్త్రజ్ఞుడు హెర్మన్ వాన్ హెల్మ్‌హోల్ట్జ్ 1851లో లోకానికి చూపిన ఆఫ్తాల్మోస్కోపు ఈ సూత్రం మీదనే పనిచేసింది. నాలుగేళ్లు తిరిగేసరికి, అంటే 1855లో, వియన్నాలో ఎడ్వర్డ్ యేగర్ ఒక మధుమేహ రోగి రెటీనాలో పసుపుపచ్చని మచ్చలను, రక్తపు మరకలను చూసి నమోదు చేశాడు. వాటికి మధుమేహమే కారణమని ఆనాటి వైద్యులందరూ ఒప్పుకోలేదు. నేత్రవైద్యంలో అంతటి పెద్దవాడైన ఆల్‌బ్రెక్ట్ వాన్ గ్రేఫె కూడా సందేహపడ్డాడు. ఆ వాదం దశాబ్దాల పాటు సాగింది.

అంతకాలం ఎందుకు సాగిందంటే, వ్యాధి పూర్తిగా ముదిరేంత కాలం రోగులు బతికేవారు కారు. ఇన్సులిన్‌ను కనుగొన్నది 1921లో. తొలిసారి రోగికి ఇచ్చింది 1922లో. అంతకుముందు చిన్నతనంలో మధుమేహం వచ్చినవారు కొద్దికాలంలోనే చనిపోయేవారు. ఇన్సులిన్ వచ్చాక వారు పెద్దవారయ్యారు, చదువుకున్నారు, సంసారాలు చేసుకున్నారు. పదిహేను, ఇరవై ఏళ్ల తరువాత వారి కళ్లలో రెటీనా జబ్బు పెద్దఎత్తున బయటపడింది. ఇన్సులిన్ మొదలుపెడితే కళ్లు పోతాయన్న భయం ఇప్పటికీ అక్కడక్కడ వినిపిస్తూ ఉంటుంది. మధుమేహం ఎక్కువకాలం ఉన్నవారికే సాధారణంగా ఇన్సులిన్ అవసరపడుతుంది, ఎక్కువకాలం ఉన్నవారికే కంటి జబ్బూ వస్తుంది. రెండూ ఒకే కాలంలో కనబడినంత మాత్రాన ఒకటి రెండోదానికి కారణం కాదు.

ఇక రెటీనా నిర్మాణం. కంటి లోపలి గోడకు అంటుకొని ఉండే ఈ పొర మందం ఇంచుమించు పావు మిల్లీమీటరు. ఇంత పలచని పొర తన బరువుతో పోలిస్తే శరీరంలో అత్యధికంగా ఆక్సిజన్ వాడుకునే కణజాలాలలో ఒకటి. వెలుతురును పట్టే కణాలు బయటి వైపున ఉంటాయి. వాటికి వెనుకనున్న కొరాయిడ్ పొర నుంచి ఆక్సిజన్ అందుతుంది. లోపలి పొరలలోని నాడీకణాలకు మాత్రం రెటీనాలోనే పరుచుకొని ఉన్న సన్నని నాళాలు ఆధారం. అయితే ఈ నాళాలు అడ్డదిడ్డంగా అల్లుకుపోతే వెలుతురుకు అడ్డం పడతాయి గనుక ప్రకృతి వాటిని పొదుపుగానే ఇచ్చింది. చూపుకు కేంద్రమైన మాక్యులా నడిమిభాగంలో అసలు రక్తనాళాలే లేకుండా చేసింది. ఖర్చు ఎక్కువ, సరఫరా తక్కువ అయిన చోట సరఫరాలో చిన్న లోపమైనా పెద్ద కష్టమే తెస్తుంది.

రెటీనాలోని ఈ అతి సన్నని నాళాల, అంటే కేశనాళికల గోడకు మరొక ప్రత్యేకత ఉంది. గోడలోని కణాలు ఒకదానికొకటి బిగువుగా అతుక్కొని ఉండి, రక్తంలోని నీటిని, మాంసకృత్తులను, కొవ్వును ఇష్టారాజ్యంగా బయటికి పోనివ్వవు. మెదడులో ఉన్న కట్టుదిట్టమే ఇక్కడా ఉంది. ఆ గోడను బయటనుంచి చుట్టుకొని పట్టుకునేవి పెరిసైట్లు అనే కణాలు. శరీరంలోని చాలాచోట్ల ఇవి పలచగా ఉంటాయి. రెటీనాలో మాత్రం ఇంచుమించు ఒక్కొక్క గోడకణానికి ఒక్కొక్క పెరిసైటు చొప్పున ఉంటాయి. మధుమేహం మొట్టమొదట చంపేవాటిలో ఈ పెరిసైట్లే ముఖ్యమైనవి. మరణించినవారి రెటీనాలను ట్రిప్సిన్ అనే ఎంజైముతో కరిగించి, రక్తనాళాల వలను మాత్రం చెక్కుచెదరకుండా మిగిల్చి సూక్ష్మదర్శినిలో చూసే పద్ధతిని 1960 ప్రాంతంలో కువబారా, కోగన్ అనే శాస్త్రవేత్తలు ప్రవేశపెట్టారు. మధుమేహ రోగుల కేశనాళికల మీద పెరిసైట్లు ఉండవలసిన చోట ఖాళీ అచ్చులు మాత్రమే మిగిలి ఉండటం ఆ పద్ధతి వల్లనే స్పష్టంగా తెలిసింది.

రక్తంలో చక్కెర పెరిగితే ఈ కణాలే ఎందుకు బలవుతాయి? కండరాలలోకి, కొవ్వు కణాలలోకి చక్కెర పోవాలంటే చాలావరకు ఇన్సులిన్ అనుమతి కావాలి. రెటీనా నాళాల కణాలకు ఆ నియమం లేదు. రక్తంలో చక్కెర ఎంత పెరిగితే వాటి లోపల కూడా దాదాపు అంత పెరుగుతుంది; వద్దని ఆపుకునే ఏర్పాటు వాటికి తక్కువ. లోపల చేరిన ఆ అదనపు చక్కెర రకరకాల రసాయన మార్గాలలో పోయి, మాంసకృత్తులకు అంటుకొని, కణాలను దెబ్బతీసే ఆక్సీకరణ ఒత్తిడిని పెంచుతుంది. ఆ మార్గాల పేర్లు వైద్య విద్యార్థులకు అవసరం గాని మనకు అక్కర్లేదు. మనకు కావలసినది తరువాతి సంగతి: నాళాల గోడ దెబ్బతిన్నప్పుడు జరిగేవి ప్రధానంగా రెండే. ఒకటి, నాళం కారుతుంది. రెండు, నాళం మూసుకుపోతుంది. డయాబెటిక్ రెటినోపతిలో, అంటే మధుమేహం వల్ల వచ్చే ఈ రెటీనా జబ్బులో, కనిపించే మచ్చలన్నీ, చూపు పోయే దారులన్నీ, మనం చేసే చికిత్సలన్నీ ఈ రెంటిలో ఒకదానికో రెండింటికో సంబంధించినవే.

మొదట కారడం సంగతి చూద్దాం. పెరిసైట్లు పోయినచోట నాళపు గోడ, బలహీనపడిన సైకిలు ట్యూబు ఒకచోట బుడిపెలా ఉబ్బినట్లు, చిన్నగా ఉబ్బుతుంది. వీటిని మైక్రో ఎన్యూరిజమ్‌లు అంటారు. రెటీనా ఫోటోలో ఇవి సూదిమొనతో పెట్టిన ఎర్రచుక్కలలా కనిపిస్తాయి. కంటితో చూసి గుర్తించగలిగిన మొదటి చిహ్నం సాధారణంగా ఇదే. కొన్ని పగిలి చిన్న రక్తపు మరకలవుతాయి. కొన్నిటి నుంచి నీరు, మాంసకృత్తులు, కొవ్వు బయటికి చిప్పిల్లుతాయి. నీరు మెల్లగా తిరిగి పీల్చుకుపోయినా కొవ్వు మిగిలిపోయి, అంచులు స్పష్టంగా ఉండే పసుపుపచ్చని పలుకులుగా పేరుకుంటుంది. యేగర్ 1855లో చూసిన పచ్చని మచ్చల వంటివే ఇవి. ఈ కారడం రెటీనా అంచులలో జరిగినంతకాలం రోగికి ఏమీ తెలియదు. అదే నీరు మాక్యులాలో చేరితే, మనం చదవడానికి, ముఖాలు గుర్తుపట్టడానికి వాడే చోటు ఉబ్బిపోయి అక్షరాలు మసకబారతాయి, గీతలు వంకరగా కనిపిస్తాయి. మధుమేహ రోగుల చూపు తగ్గడానికి అత్యంత సాధారణమైన కారణాలలో ఈ మాక్యులా వాపు ఒకటి. వ్యాధి ఏ దశలో ఉన్నా ఇది రావచ్చునన్నది గుర్తుపెట్టుకోవలసిన మాట. మచ్చలు కొద్దిగానే ఉన్నాయి గదా అని ధీమా పడటానికి వీలులేదు.

రెండోదైన మూసుకుపోవడం మరింత నిశ్శబ్దంగా సాగుతుంది. గోడకణాలు కూడా చనిపోయిన కేశనాళికలు రక్తం ప్రవహించని ఉత్త గొట్టాలుగా మిగులుతాయి. వాటిని నమ్ముకున్న నాడీతంతువులకు ఆక్సిజన్ అందక, వాటిలోని రవాణా ఆగిపోయి, దూది పింజల వంటి తెల్లని మచ్చలు ఏర్పడతాయి. సిరలు ఒకచోట లావుగా, ఒకచోట సన్నగా పూసలదండ మాదిరి కనిపించడం మొదలవుతుంది. మూసుకుపోయిన ప్రాంతాల పక్కన వంకరటింకర నాళాలు రెటీనా లోపలే అల్లుకుంటాయి. వ్యాధి తీవ్రదశకు వచ్చిందా లేదా అని తేల్చుకోవడానికి వైద్యులు వాడే ఒక గుర్తు ఉంది: రెటీనాను నాలుగు భాగాలుగా ఊహించుకుంటే, నాలుగింటిలోనూ ఎక్కువగా రక్తపు మరకలు ఉన్నా, రెండింటిలో సిరలు పూసలు కట్టి ఉన్నా, ఒక్కదానిలో ఆ వంకర నాళాలు స్పష్టంగా ఉన్నా తీవ్రదశగానే లెక్క. ఈ మూడింటిలో ఏ ఒక్కటి ఉన్నా చాలు. అక్కడినుంచి ఏడాది లోపల దాదాపు సగం మందిలో వ్యాధి తరువాతి మెట్టు ఎక్కుతుంది. ఇంత జరిగినా ఆ రోగి బోర్డు మీది చివరి వరుస అక్షరాలను తప్పులేకుండా చదివేయగలడు. మీరు ఈ ప్రసంగం నుంచి ఒక్క సంగతే గుర్తుపెట్టుకోగలిగితే, దీనినే గుర్తుపెట్టుకోండి.

ఆ తరువాతి మెట్టు కొత్త నాళాలు పుట్టడం. ఆక్సిజన్ అందని రెటీనా ఊరికే ఉండదు. తనకు రక్తం కావాలని రసాయన సంకేతం పంపుతుంది. అలాంటి పదార్థమేదో ఉండి తీరాలని ఐ. సి. మైకెల్సన్ అనే నేత్రవైద్యుడు 1948లోనే ఊహించాడు. అదేమిటో తెలియడానికి నలభై ఏళ్లకు పైగా పట్టింది. నెపోలియోన్ ఫెరారా బృందం 1989లో వేరుచేసిన వీఈజీఎఫ్ అనే మాంసకృత్తే అందులో ప్రధానమైనదని తేలింది. 1994లో మధుమేహ రోగుల కంటి ద్రవాలలో దాన్ని కొలిచి చూసినప్పుడు, కొత్త నాళాలు చురుకుగా పెరుగుతున్న కళ్లలో అది మెండుగా ఉన్నట్లు, లేజర్ చికిత్స తరువాత తగ్గినట్లు కనిపించింది. ఈ పదార్థానికి ఇంకో గుణం ఉంది: ఇది నాళాల గోడను వదులు చేసి కారేలా చేస్తుంది. అంటే మూసుకుపోవడం మళ్లీ కారడానికి దారితీస్తుందన్నమాట.

సాయం కోసం పుట్టిన ఈ కొత్త నాళాలు సాయం చేయవు. అవి రెటీనా లోపలికి పోకుండా దాని ఉపరితలం మీదికి, అక్కడినుంచి కంటిని నింపి ఉండే జెల్లీ వంటి విట్రియస్‌లోకి పాకుతాయి. వాటి గోడలు సున్నితం. వయసుతో పాటు విట్రియస్ ముడుచుకొని రెటీనా నుంచి విడివడుతున్నప్పుడు ఈ నాళాలను లాగుతుంది; అవి తెగి కంటిలోకి రక్తం కారుతుంది. అంతవరకు ఏ ఇబ్బందీ లేని మనిషికి ఒక ఉదయం హఠాత్తుగా కంటిముందు నల్లని దారాలు, మచ్చలు తేలుతూ కనిపించడం, లేదా ఎర్రని తెర కమ్ముకోవడం ఈ కారణంగానే. రక్తం తానుగా కరిగిపోవచ్చు. కాని నాళాల వెంట పెరిగిన మచ్చకణజాలం రెటీనాను గోడ నుంచి లాగి విడదీస్తే అది తానుగా సర్దుకునే వ్యవహారం కాదు. ఇంకొందరిలో నాళాలు కంటి ముందుభాగానికి వచ్చి, లోపలి ద్రవం బయటికి పోయే దారిని మూసి, కంటి లోపలి ఒత్తిడి పెరిగి తీవ్రమైన నొప్పితో కూడిన గ్లాకోమా అనే జబ్బును తెస్తాయి.

చూపు ఎందుకు నమ్మదగిన సాక్షి కాదో ఇప్పుడు మీకు అర్థమై ఉంటుంది. సూక్ష్మమైన చూపుకు మాక్యులా నడిమిభాగం ఒక్కటి బాగుంటే చాలు. మిగిలిన రెటీనాలో ఎంత విధ్వంసం జరుగుతున్నా ఆ చిన్నచోటు తన పని తాను చేసుకుపోతుంది. దీనికి తోడు చూపు ఇంకో రకంగా కూడా తప్పుదారి పట్టిస్తుంది. రక్తంలో చక్కెర బాగా పెరిగినప్పుడు, లేదా చికిత్సతో వేగంగా తగ్గినప్పుడు, కంటిలోని సహజ కటకం నీరు పీల్చి ఉబ్బడం, తగ్గడం వల్ల కళ్లద్దాల పవరు కొన్ని వారాల పాటు మారుతూ ఉంటుంది. అప్పుడు కొందరు రెటీనా పాడైందని బెంగపడతారు, ఇంకొందరు హడావుడిగా కొత్త కళ్లద్దాలు చేయించుకుంటారు. చక్కెర కుదుటపడేదాకా ఆగి పవరు చూపించుకోవడం మంచిది. ఏమీ లేనప్పుడు భయపెట్టి, ఉన్నప్పుడు ఊరుకునే సాక్షిని పట్టుకొని తీర్పు ఎలా ఇస్తాం?

చికిత్స చరిత్రలో ఒక విచిత్రమైన అధ్యాయం ఉంది. 1953లో డెన్మార్కుకు చెందిన పౌల్సెన్ అనే వైద్యుడు, కాన్పు తరువాత మెదడు అడుగున ఉండే పిట్యూటరీ గ్రంథి దెబ్బతిన్న ఒక మధుమేహ రోగిలో రెటీనా జబ్బు తగ్గిపోవడాన్ని ప్రకటించాడు. ఆ ఒక్క పరిశీలన ఆధారంగా, చూపు కాపాడటం కోసం తరువాతి సంవత్సరాలలో ఎందరికో పిట్యూటరీ గ్రంథిని తీసేశారు, లేదా నాశనం చేశారు. కొందరికి చూపు నిలిచింది. కాని గ్రంథి లేని జీవితం, అందులోనూ ఇన్సులిన్ మీద ఆధారపడే జీవితం, తేలికైనది కాదు. నిస్సహాయతలో వైద్యం ఎంత దూరం పోగలదో చూపడానికి ఇంతకుమించిన ఉదాహరణ నా దృష్టిలో లేదు.

ఆ దారికి బదులుగా దొరికినది వెలుతురు. 1945లో సూర్యగ్రహణాన్ని నేరుగా చూసి రెటీనా కాల్చుకున్న రోగి ఒకరిని పరీక్షించిన గెర్డ్ మయర్ ష్వికెరాత్ అనే జర్మన్ వైద్యుడికి, రెటీనాను కావలసినచోట కావలసినంతే కాల్చి చికిత్స చేయవచ్చునన్న ఆలోచన కలిగింది. మొదట సూర్యకాంతితోనే ప్రయత్నించి, 1950వ దశకంలో జీనాన్ దీపానికి మారాడు. ఆ తరువాత లేజర్లు వచ్చాయి. పని చేస్తుందా లేదా అన్నది తేల్చడానికి 1970వ దశకంలో అమెరికాలో 1,700 మందికి పైగా రోగులతో ఒక పెద్ద పరీక్ష జరిపారు: ఒక్కొక్క రోగికి ఒక కంటికి లేజర్, రెండో కంటికి ఏమీ లేదు, ఏ కన్ను అన్నది చీటీ పద్ధతిలో నిర్ణయించారు. 1976లో ఫలితాలు చూస్తే తీవ్రమైన చూపు నష్టం లేజర్ చేసిన కళ్లలో సగానికి మించి తగ్గింది. అనుకున్న గడువు దాకా ఆగకుండా, ప్రమాదం ఎక్కువగా ఉన్న రోగులలో రెండో కంటికి కూడా చికిత్స చేయడానికి అనుమతించారు.

లేజర్ తర్కం మొదటిసారి వినేవారికి వింతగా తోస్తుంది. మాక్యులాను వదిలి చుట్టూ ఉన్న రెటీనాలో వందల కొద్దీ చిన్న కాలిన మచ్చలు పెడతాం. అంటే బతికున్న రెటీనాలో కొంత భాగాన్ని కావాలనే బలిపెడతాం. ఆక్సిజన్‌ను విపరీతంగా వాడుకునే కణాలు కొన్ని పోవడంతో మిగిలిన రెటీనాకు అది సరిపోతుంది, వీఈజీఎఫ్ తగ్గుతుంది, కొత్త నాళాలు ఎండిపోతాయి. మూల్యం లేకపోలేదు: రాత్రి చూపు, పక్కచూపు కొంత తగ్గుతాయి. చాలామంది రోగులు లేజర్ తరువాత "చూపు పెరగలేదండీ" అని నిరుత్సాహపడతారు. లేజర్ చేసేది చూపు పెంచడానికి కాదు, ఉన్నది పోకుండా నిలపడానికి. ఈ సంగతిని చికిత్సకు ముందే విడమరచి చెప్పకపోతే రోగి సగంలో మానేస్తాడు. ఆ తప్పు రోగిది మాత్రమే అనలేం.

మాక్యులా వాపుకు లేజర్ ఉపయోగాన్ని 3,711 మంది రోగులతో జరిగిన మరో అమెరికన్ అధ్యయనం 1985లో నిరూపించింది: మూడేళ్లలో ఒక మోస్తరు చూపు నష్టం 24 శాతం నుంచి 12 శాతానికి తగ్గింది. ఈ రోజుల్లో వాపు మాక్యులా నడిమిభాగానికి వచ్చి చూపు తగ్గినవారికి వీఈజీఎఫ్‌ను అడ్డుకునే ఇంజెక్షన్లే మొదటి ఎంపిక. బెవసిజుమాబ్, రానిబిజుమాబ్, అఫ్లిబెర్సెప్ట్, ఇటీవలి ఫారిసిమాబ్ ఈ కోవకు చెందినవి. కంటికి మత్తు చుక్కలు వేసి, సన్నని సూదితో తెల్లగుడ్డు గుండా ఇచ్చే ఈ ఇంజెక్షన్ వినడానికి భయం గొలిపినంతగా చేయించుకోవడానికి ఉండదు. లేజర్‌తో అరుదుగా జరిగే మేలు, అంటే తగ్గిన చూపు కొంత తిరిగి రావడం, వీటితో తరచుగా జరుగుతుంది. కాని మందు ప్రభావం కొన్ని వారాలకో నెలలకో తీరిపోతుంది. మొదటి ఏడాది పలుమార్లు వేయించుకోవలసి రావచ్చు. కొత్త నాళాలున్న కళ్లకు కూడా ఇంజెక్షన్లు లేజర్‌కు తీసిపోవని 2015లో వెలువడిన ఒక అధ్యయనం చూపింది. నా అభిప్రాయం చెప్పాలంటే, క్రమం తప్పకుండా వస్తాడని నమ్మకం లేని రోగికి ఇంజెక్షన్లను మాత్రమే నమ్ముకోవడం ప్రమాదం. మధ్యలో మానేసినవారిలో, లేజర్ చేయించుకున్నవారి కంటే ఇంజెక్షన్లు మాత్రమే తీసుకున్నవారు ఎక్కువ నష్టపోతున్నారు. లేజర్ ఫలితం నిలిచి ఉంటుంది, మందు ఫలితం నిలవదు. ఇక రక్తం కరగకుండా ఉండిపోయినా, రెటీనా లాగబడి విడిపోతున్నా విట్రియస్‌ను తీసేసే విట్రెక్టమీ శస్త్రచికిత్స ఉంది. 1970లో రాబర్ట్ మాఖెమర్ దీనికి ఈనాటి రూపానికి పునాది వేసేదాకా, రక్తంతో నిండిన కంటికి ఎదురుచూడటం తప్ప చేయగలిగినది దాదాపు లేదు.

ఈ చికిత్సలన్నీ కట్ట తెగిన తరువాతి పనులు. ముందే ఆపగలమా అన్న ప్రశ్నకు స్పష్టమైన జవాబు 1993లో దొరికింది. టైప్ 1 మధుమేహం ఉన్న 1,441 మందిని సగటున ఆరున్నరేళ్ల పాటు గమనించిన డీసీసీటీ అనే అధ్యయనంలో, గత రెండు మూడు నెలల సగటు చక్కెరను చూపే రక్తపరీక్ష అయిన హెచ్‌బీఏ1సీని 9 శాతం ప్రాంతంలో ఉంచినవారి కంటే 7 శాతం ప్రాంతంలో ఉంచినవారిలో రెటీనా జబ్బు కొత్తగా వచ్చే ప్రమాదం 76 శాతం, ఉన్నది ముదిరే ప్రమాదం 54 శాతం తగ్గింది. అంతకంటే ఆశ్చర్యకరమైన సంగతి అధ్యయనం ముగిశాక బయటపడింది. ఆ తరువాత రెండు బృందాల హెచ్‌బీఏ1సీలూ ఇంచుమించు సమానమైపోయినా, మొదట్లో గట్టిగా అదుపులో ఉన్నవారికి దక్కిన రక్షణ ఏళ్ల తరబడి కొనసాగింది. రక్తనాళాలు పాత రోజులను గుర్తుపెట్టుకుంటాయి. మొదటి సంవత్సరాల నిర్లక్ష్యాన్ని తరువాతి శ్రద్ధ పూర్తిగా చెరిపివేయలేదు.

ఇక్కడ ఒక హెచ్చరిక చేయాలి. చాలాకాలం ఎక్కువగా ఉన్న చక్కెరను ఒక్కసారిగా తగ్గించినప్పుడు, అప్పటికే రెటీనా జబ్బు ఉన్నవారిలో కొందరికి మొదటి ఏడాదిలో అది తాత్కాలికంగా ముదరవచ్చు. డీసీసీటీలోనూ ఇది కనిపించింది. దీర్ఘకాలంలో లాభమే మిగిలింది. కాబట్టి చక్కెర తగ్గించడం మానకూడదు. చికిత్సను గట్టి చేయబోయే ముందు రెటీనా చూపించుకొని, ఆ ఏడాది మరింత దగ్గరగా గమనించుకోవాలి. గర్భం దాల్చిన మధుమేహ రోగులకూ ఇదే జాగ్రత్త వర్తిస్తుంది. గర్భధారణలో జబ్బు వేగంగా ముదిరే అవకాశం ఉంది గనుక వీలైతే గర్భానికి ముందు, లేదంటే మొదటి మూడు నెలల్లోనే పరీక్ష జరగాలి. గర్భం వల్లనే కొత్తగా చక్కెర పెరిగినవారికి ఈ ప్రమాదం సాధారణంగా ఉండదు.

రక్తపోటును చాలామంది గుండెకు, మూత్రపిండాలకు సంబంధించినదిగానే చూస్తారు. 1998లో బ్రిటన్‌లో వెలువడిన యూకేపీడీఎస్ అనే అధ్యయనం ఫలితాలలో, టైప్ 2 మధుమేహం ఉన్నవారి రక్తపోటును సగటున 154/87 బదులు 144/82 దగ్గర ఉంచగలిగినప్పుడు రెటీనా జబ్బు ముదరడం 34 శాతం, చూపు తగ్గడం 47 శాతం తగ్గాయి. తేడా పది అంకెలే. చక్కెర గోడను బలహీనపరిస్తే రక్తపోటు ఆ బలహీనమైన గోడను లోపలినుంచి నెడుతుంది. రెండూ కలిసిన కంటిలో నష్టం త్వరగా జరుగుతుంది. కొవ్వు తగ్గించే మందులలో ఫెనోఫైబ్రేట్ రెటీనా జబ్బు ముదరడాన్ని నెమ్మదింపజేస్తుందని ఒకటికి మించిన పెద్ద అధ్యయనాలు చూపాయి. అది ఎవరికి తగినదో మీ వైద్యులు చెప్పాలి.

ఇక పరీక్ష వేళలు. టైప్ 2 మధుమేహం బయటపడిన రోజుకు అది ఎన్నాళ్లుగా ఉందో ఎవరికీ తెలియదు. కొందరికి అప్పటికే రెటీనాలో మార్పులు ఉంటాయి. అందుచేత వారికి మొదటి పరీక్ష జబ్బు తెలిసిన వెంటనే జరగాలి. టైప్ 1లో ఆరంభం స్పష్టంగా తెలుస్తుంది గనుక అయిదేళ్ల లోపల మొదలుపెడితే చాలు. అక్కడినుంచి సాధారణంగా ఏడాదికొకసారి. మార్పులు ఎక్కువైతే వైద్యులు చెప్పినంత తరచుగా. కంటిపాపను విప్పార్చే చుక్కలు వేసి చూడటం ఒక పద్ధతి. ఆ చుక్కల వల్ల కొన్ని గంటల పాటు దగ్గరచూపు మసకగా ఉంటుంది, వెలుతురు భరించలేనట్లు ఉంటుంది, ఆ సమయంలో వాహనం నడపకూడదు. కంటి అడుగుభాగానికి ఫోటో (ఫండస్ ఫోటో) తీసి నిపుణులకు పంపడం మరో పద్ధతి. 1991లో వచ్చిన ఓసీటీ అనే స్కాన్ రెటీనా పొరలను అడ్డంగా కోసినట్లు చూపి, మాక్యులా వాపును మైక్రాన్లలో కొలుస్తుంది. నేత్రవైద్యుడి అవసరం లేకుండా ఫోటోను తానే చదివి తీర్పు చెప్పే కంప్యూటరు వ్యవస్థకు అమెరికా ఆహార, ఔషధ సంస్థ 2018లో అనుమతి ఇచ్చింది. వైద్యులు కొద్దిమంది, రోగులు కోట్లమంది అయిన ఈ జబ్బులో నేను దీన్ని మనస్ఫూర్తిగా స్వాగతిస్తాను. అయితే యంత్రం "చూపించుకోండి" అన్నాక చూపించుకోవడానికి ఒక చోటు, చికిత్స చేయడానికి ఒక మనిషి ఉంటేనే ఆ ఫోటోకు అర్థం.

పరీక్ష చేయించుకున్నాక "పరవాలేదు" అన్న మాటతో ఇంటికి వెళ్లకండి. రెటీనాలో మార్పులు ఉన్నాయా, ఉంటే ఏ దశలో ఉన్నాయి, మాక్యులాలో వాపు ఉందా, మళ్లీ ఎప్పుడు రావాలి అని అడిగి రాయించుకోండి. ఆ కాగితాన్ని మీ షుగరు వైద్యులకు చూపండి. రెటీనా నాళాలు ఇలా ఉన్నవారి మూత్రపిండాల నాళాలు, నరాల స్థితి ఎలా ఉన్నాయో చూడవలసిన బాధ్యతను ఆ కాగితం వారికి గుర్తుచేస్తుంది.

ఇప్పుడు సభలోంచి వచ్చిన ఒక ప్రశ్నకు జవాబు చెప్పి ముగిస్తాను. గుండె కోసం రోజూ ఆస్పిరిన్ వేసుకుంటున్నానని, కంటిలో కొత్త నాళాలు ఉన్నాయన్నారు గనుక అది మానేయాలా అని ఒకరు అడిగారు. నేను ఇంతకుముందు చెప్పిన 3,711 మంది అధ్యయనంలోనే దీనికి జవాబుంది. వారిలో సగం మందికి రోజుకు 650 మిల్లీగ్రాముల ఆస్పిరిన్, అంటే గుండెకు మామూలుగా ఇచ్చే మోతాదుకు అనేక రెట్లు ఇచ్చి చూశారు. అది రెటీనా జబ్బును తగ్గించలేదు, పెంచలేదు. కంటిలో రక్తస్రావాన్నీ ఎక్కువ చేయలేదు. కాబట్టి మీ గుండె వైద్యులు రాసిన ఆస్పిరిన్‌ను కంటి భయంతో మానవద్దు; కొత్త నాళాలకు చేయవలసిన లేజర్‌ను మాత్రం వాయిదా వేయవద్దు.